ఇంజిన్ కొనడం ఒక ఎత్తు.. నడపడం మరో ఎత్తు! వేట మొదలయ్యేలోపు ఔట్‌బోర్డ్ మోటార్ లెక్క ఇదీ

జూన్ 14 అర్ధరాత్రితో తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధం ముగుస్తుంది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఇప్పుడు ఏ ఒడ్డు చూసినా ఒకటే హడావుడి. వలలు బాగు చేసుకునేవాళ్లు, ఫైబర్ తెప్పల పగుళ్లకు పూత వేసేవాళ్లు, ఐస్‌కీ ఆయిల్‌కీ డబ్బు సర్దుకునేవాళ్లు. టీవీల్లో ఏటా కనిపించే విజువల్స్ ఇవే. వార్త కూడా దాదాపు ఒకటే ఉంటుంది. సాయం ఎంత, ఎంతమంది ఖాతాల్లో పడింది, ఎవరికి పడలేదు.

ఆ వార్తలో ఎప్పుడూ రానిది ఒకటుంది. తెప్ప వెనకాల బిగించిన మోటార్.

అది స్టార్ట్ అయితేనే వేట. పది మైళ్ల దూరంలో ఆగిపోతే వేట పోవడం కాదు, మనుషుల ప్రాణాలే గాల్లో ఉంటాయి. అంత కీలకమైన వస్తువు గురించి పాలసీల్లో గానీ, చర్చల్లో గానీ కనిపించేది ఒక్క మాటే: కొనడానికి సబ్సిడీ ఎంత? కొన్న తర్వాత దాన్ని ఏడాది పొడవునా నడపడానికి ఎంతవుతుందన్న లెక్క మాత్రం పూర్తిగా మత్స్యకారుడి నెత్తినే ఉంది. అసలు చిక్కు అక్కడే.

ఎవరి సమస్య ఇది?

సముద్రంలో వేట అనగానే మనకు విశాఖ, కాకినాడ హార్బర్లలో వరసగా నిలబడ్డ పెద్ద మరబోట్లు గుర్తొస్తాయి. సంఖ్యలో చూస్తే అవి తక్కువే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చేసిన 2010 గణనలో ఉమ్మడి ఏపీ వేట పడవల్లో మరబోట్లు 10 శాతం, మోటార్ బిగించిన చిన్న పడవలు 34 శాతం, మోటార్ లేనివి 56 శాతంగా తేలాయి. అది పాత లెక్క. తర్వాత చాలా తెప్పలకు మోటార్లు వచ్చాయి. పెద్ద బోటులో ఇంజిన్ కోసం ఒక గది, దాన్ని చూసుకోవడానికి డ్రైవర్ ఉంటారు. చిన్న తెప్పలో ఓనరే డ్రైవర్, ఓనరే మెకానిక్.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఏపీలో నిషేధం మరబోట్లకు, మోటార్ బోట్లకు వర్తిస్తుంది. తెరచాప, తెడ్లతో నడిచే సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది. అంటే తెప్పకు మోటార్ బిగిస్తే సముద్రంలో ఇంకాస్త దూరం వెళ్లొచ్చు, కానీ ఏడాదిలో 61 రోజులు ఒడ్డునే ఉండాలి. తెడ్డు వదిలి మోటార్‌కు మారే కుటుంబం ఈ రెండు నెలల నష్టాన్ని కూడా మోటార్ ధరలోనే కలిపి చూసుకోవాలి. డీలర్ దగ్గర ఈ మాట ఎవరూ చెప్పరు.

ఆ నష్టానికి బదులుగా ఇచ్చేదే నిషేధ కాలపు భృతి. ఒకప్పుడు 4 వేలు ఉండేది. 2019లో 10 వేలు చేశారు. 2025 ఏప్రిల్‌లో 'మత్స్యకార సేవలో' పేరుతో 20 వేలకు పెంచి, దాదాపు 1.29 లక్షల కుటుంబాలకు 258 కోట్లకు పైగా వేశారు. పెంపు పెద్దదే, కాదనలేం. 61 రోజులకు పంచితే మాత్రం రోజుకు 328 రూపాయలు. ఇల్లు గడవడానికే సరిపోని ఈ డబ్బులోంచే, వేట మొదలయ్యే ముందు మోటార్ సర్వీసింగ్ కూడా చేయించాలి. సహజంగానే వెనక్కి పోయేది సర్వీసింగే.

డీజిలా? పెట్రోలా?

మన తీరంలో చిన్న పడవలకు ప్రధానంగా రెండు రకాల మోటార్లు కనిపిస్తాయి. ఒకటి, పొడవాటి ఇనుప షాఫ్ట్ చివర ప్రొపెల్లర్ ఉండే డీజిల్ 'లాంగ్ టెయిల్'. రెండోది, యమహా, సుజుకి లాంటి కంపెనీలు చేసే పెట్రోల్ ఔట్‌బోర్డ్. షోరూంలో చూస్తే రెండోదే ముద్దొస్తుంది. తేలిక, వేగం ఎక్కువ, శబ్దం తక్కువ, తాడు రెండుసార్లు లాగితే స్టార్ట్.

కానీ కొనేముందు వేయాల్సిన మొదటి ప్రశ్న 'ఏది బాగుంది?' కాదు, 'మా ఊళ్లో దీన్ని ఎవరు విప్పగలరు?'.

లాంగ్ టెయిల్‌లో ఉండేది సాధారణంగా గ్రీవ్స్ లాంటి కంపెనీల చిన్న డీజిల్ ఇంజిన్. డీజిల్ ఆటోలు, పంపుసెట్లు చూసే మెకానిక్‌కు ఆ ఇంజిన్ కొత్తేమీ కాదు. సామాను కూడా దగ్గర్లోని టౌన్‌లో దొరుకుతుంది. పెట్రోల్ ఔట్‌బోర్డ్ అలా కాదు. దాని కింది భాగం, అంటే నీళ్లలో మునిగి ఉండే గేర్ కేసు, నీళ్ల పంపు, సీళ్లు ఆ కంపెనీవే కావాలి. చిన్న రబ్బరు సీలు కోసం విశాఖకో కాకినాడకో మనిషిని పంపి రెండు రోజులు ఆగాల్సి వస్తే, ఆ రెండు రోజుల వేట ఖరీదు కూడా సీలు ఖరీదే.

అలాగని డీజిల్ మోటార్ మచ్చలేనిదని కాదు. బరువు ఎక్కువ. అదురు ఒళ్లు హూనం చేస్తుంది, గంటల తరబడి ఆ మోత వింటే చెవులు దిబ్బళ్లు పడతాయి. చాలావాటికి రివర్స్ ఉండదు. తిరిగే షాఫ్ట్ బయటే ఉంటుంది కాబట్టి బట్ట గానీ వల గానీ చిక్కితే ప్రమాదం. అయితే మన ఒడ్డు దగ్గర కెరటం విరిగే చోట, ఇసుక మేటల మీద ఆ పొడవు షాఫ్ట్‌ను చటుక్కున పైకి లేపేయొచ్చు. జెట్టీ లేని ఊళ్లలో, కెరటాల మీదుగా నేరుగా ఇసుకలోకే తెప్పను ఎక్కించే చోట, ఈ ఒక్క గుణం చాలా లెక్కలను తారుమారు చేస్తుంది. ఉత్తరాంధ్రలో ఇలాంటి ఊళ్లే ఎక్కువ.

ఇక ఖర్చు. 10 హెచ్‌పీ పెట్రోల్ మోటార్ పూర్తి థ్రాటిల్‌లో గంటకు సుమారు 4 లీటర్లు తాగుతుంది. పాత టూ స్ట్రోక్ అయితే ఇంకాస్త ఎక్కువే. అదే శక్తి ఉన్న డీజిల్‌కు దాదాపు రెండున్నర లీటర్లు చాలు. రోజుకు ఆరు గంటల చొప్పున నెలకు 20 రోజులు వేటకు వెళ్తే 120 గంటలు. పెట్రోల్‌కు 480 లీటర్లు, డీజిల్‌కు 300 లీటర్లు. లీటర్ వంద రూపాయల చొప్పున చూసినా పెట్రోల్ ఖర్చు నెలకు 48 వేలు. మన దగ్గర పెట్రోల్ వంద దాటి ఎంత కాలమైందో అందరికీ తెలుసు. టూ స్ట్రోక్ అయితే 50 లీటర్లకు ఒక లీటర్ చొప్పున ఇంకో తొమ్మిదిన్నర లీటర్ల ఆయిల్ దీనికి అదనం.

సబ్సిడీ సంగతి చూద్దాం. 2019 నవంబర్‌లో డీజిల్ సబ్సిడీని లీటర్‌కు 6.03 నుంచి 9 రూపాయలకు పెంచారు. మరబోటుకు నెలకు 3 వేల లీటర్లు, మోటార్ బోటుకు 300 లీటర్ల పరిమితి. అంటే చిన్న తెప్పకు నెలకు వచ్చేది గరిష్ఠంగా 2,700 రూపాయలు. పేరులోనే ఉంది, ఇది డీజిల్ సబ్సిడీ. పెట్రోల్ ఔట్‌బోర్డ్ కొన్నవాడికి ఇందులో ఏముంది? వేగం కోసం పెట్రోల్‌కు వెళ్లిన కుటుంబం ఎక్కువ ఇంధనం కాల్చడమే కాదు, ఉన్న ఆ కాస్త ఆసరానూ వదులుకున్నట్టే.

కేరళ అనుభవం ఇక్కడ చూడాలి. అక్కడి చిన్న పడవల్లో చాలా వరకు పెట్రోల్‌తో స్టార్ట్ చేసి కిరోసిన్‌తో నడిపే ఔట్‌బోర్డ్‌లు. సబ్సిడీ కిరోసిన్ ఉన్నంత కాలం బాగానే సాగింది. కేంద్రం కోటా తగ్గిస్తూ వచ్చి, బయట ధర పెరిగాక 2022లో వేలమందికి కడలిలోకి వెళ్లడమే భారమైంది. సబ్సిడీ ఇంధనాన్ని నమ్ముకుని మోటార్ ఎంచుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఈ20 గొడవలో బోటు ఊసే లేదు

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ మీద 2025లో ఎంత రచ్చ జరిగిందో గుర్తుండే ఉంటుంది. మైలేజీ తగ్గుతోందని, పాత బండ్ల రబ్బరు పైపులు పాడవుతున్నాయని సోషల్ మీడియా హోరెత్తింది. ఇథనాల్ లేని పెట్రోల్ కూడా బంకుల్లో ఉంచాలంటూ వేసిన పిల్‌ను అదే ఏడాది సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ చర్చ మొత్తం కార్లు, బైకుల చుట్టూనే తిరిగింది. అదే బంకులో క్యాన్ నింపుకుని ఒడ్డుకు తీసుకెళ్లే మనిషి గురించి ఎవరూ మాట్లాడలేదు.

నిజానికి ఈ సమస్య కారు కంటే బోటుకే పెద్దది. ఇథనాల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. సముద్రం ఒడ్డున తేమకు కొదవా? ట్యాంకులో నీటి శాతం ఒక హద్దు దాటగానే ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. మోటార్‌కు ఇంధనం లాగే పైపు ఉండేది కూడా ట్యాంకు అడుగునే. అప్పుడు ఇంజిన్ లాగేది పెట్రోల్ కాదు, ఆ నీళ్ల మిశ్రమం. టూ స్ట్రోక్ మోటార్ అయితే కథ ఇంకా ఘోరం. కలిపిన ఆయిల్ పైన ఉన్న పెట్రోల్‌లోనే ఉండిపోతుంది. అడుగు పొరలో నూనె చుక్క ఉండదు. పిస్టన్‌కు జిడ్డు అందక, వేడెక్కి పట్టేస్తుంది. అది కూడా ఒడ్డున కాదు, నడి సముద్రంలో.

పెద్ద ఔట్‌బోర్డ్ కంపెనీల మాన్యువల్స్ చాలావాటిలో ఇథనాల్ 10 శాతానికి మించకూడదని రాసి ఉంటుంది. మన బంకుల్లో దొరికేది 20 శాతం. కాబట్టి కొత్త మోటార్ కొనేటప్పుడు డీలర్‌ను అడగాల్సిన ప్రశ్న: ఈ మోడల్ ఈ20కి పనికొస్తుందని కంపెనీ రాసిచ్చిందా? నోటి మాట కాదు, పుస్తకంలో చూపించాలి. వారంటీ కాగితం కూడా అక్కడే చదివించుకోవాలి. వేటకు వాడితే కమర్షియల్ వాడకం కింద లెక్క. అలాంటప్పుడు చాలా కంపెనీల వారంటీ గడువు తక్కువగా ఉంటుంది.

పాత మోటార్ ఉన్నవాళ్లు చేయగలిగింది కొంత ఉంది. వారానికి సరిపడా కొని నిల్వ పెట్టుకోవద్దు, ఏ రోజుది ఆ రోజు కొనుక్కోవాలి. ట్యాంకు మూత, గాలి మర బిగుతుగా ఉండాలి. ట్యాంకుకీ మోటార్‌కీ మధ్య నీళ్లను వేరు చేసే ఫిల్టర్ పెట్టించాలి. మోటార్ ధరతో పోలిస్తే దాని ఖర్చు ఏపాటిది? మామూలు రబ్బరు పైపు తీసేసి ఇథనాల్‌ను తట్టుకునేది వేయించాలి. ఇక బైకుకు పోసే 2టీ ఆయిల్ ఔట్‌బోర్డ్‌లో పోయొద్దు. నీళ్లతో చల్లబడే బోటు మోటార్లకు టీసీ-డబ్ల్యూ3 అని గుర్తున్న ఆయిల్ వేరే ఉంది.

మాన్యువల్ లెక్క వేరు, మన లెక్క వేరు

మోటార్‌తో వచ్చే పుస్తకంలో సర్వీస్ షెడ్యూల్ చూస్తే 'వంద గంటలు లేదా ఏడాది, ఏది ముందైతే అది' అన్న తరహాలో ఉంటుంది. ఆ 'ఏడాది' అన్న మాట పట్టుకునే చాలామంది ఏడాదికోసారి సర్వీస్ చాలనుకుంటారు. ఆ పుస్తకం రాసింది ప్రధానంగా సెలవు రోజున సరదాగా బోటు తీసే దేశాల వాళ్ల కోసం. వాళ్లకు వంద గంటలు అంటే ఏడాదో రెండేళ్లో.

మన తెప్పకు? పైన వేసుకున్న లెక్కే మళ్లీ చూడండి. నెలకు 120 గంటలు. నిషేధం పోను పది నెలలకు 1,200 గంటలు. అంటే వంద గంటల సర్వీస్ నెల తిరక్కుండానే వచ్చేస్తుంది. ఏడాదికి పన్నెండు సార్లు. వాతావరణ హెచ్చరికలు, పోర్టులో మూడో నంబర్ జెండాలు ఎగిరే రోజులు తీసేసి సగమే అనుకున్నా ఆరు సార్లు. సబ్సిడీ మీద మోటార్ వచ్చిందన్న సంతోషంలో ఈ గుణింతం ఎవరూ చేయరు. రెండేళ్లకే మోటార్ మూలపడితే 'నాసిరకం మోటార్ అంటగట్టారు' అన్న మాట వస్తుంది. కొన్నిసార్లు అది నిజం కావచ్చు. చాలాసార్లు కారణం ఉప్పు.

ఉప్పు మోటార్‌ను ఎలా తింటుందో చూద్దాం. ఔట్‌బోర్డ్ చల్లబడేది సముద్రపు నీళ్లతోనే. కింద ఉన్న చిన్న పంపు నీళ్లను లాగి ఇంజిన్ చుట్టూ ఉన్న సన్నని దారుల్లో తిప్పుతుంది. మోటార్ ఆపగానే ఆ దారుల్లో మిగిలిన నీళ్లు ఆవిరై ఉప్పు గడ్డకడుతుంది. రోజూ కాస్త, రోజూ కాస్త. కొన్నాళ్లకు దారి మూసుకుపోయి ఇంజిన్ కాగిపోతుంది. దీనికి మందు మంచినీళ్లే. వేట నుంచి వచ్చాక పది, పదిహేను నిమిషాలు మంచినీళ్లతో మోటార్ నడపాలి. డ్రమ్ములో మంచినీళ్లు పోసి మోటార్ కింది భాగం ముంచి నడిపినా చాలు. చెప్పడం తేలికే, తాగడానికే బిందెలు మోసుకునే ఊళ్లో రోజూ డ్రమ్ముడు నీళ్లు ఎక్కడివి అని ఎవరైనా అడిగితే జవాబు లేదు. ఫిష్ ల్యాండింగ్ సెంటర్ల కోసం డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు షెడ్డు, ప్లాట్‌ఫాం గుర్తొస్తాయి గానీ, మోటార్లు కడుక్కోవడానికి ఒక బోరు, ఒక కుళాయి కూడా ఉండాలన్న ఆలోచన ముందు రావాలి.

నీళ్లు లేకుండా మాత్రం మోటార్ స్టార్ట్ చేయకూడదు. 'ఒకసారి చూద్దాం' అని ఒడ్డున పొడిగా తిప్పేవాళ్లు చాలామంది. నీళ్ల పంపులో తిరిగేది రబ్బరు రెక్కల ఇంపెల్లర్. తడి లేకుండా తిరిగితే కొద్ది సెకన్లలోనే ఆ రెక్కలు మాడడం మొదలవుతుంది. బయటికి ఏమీ కనిపించదు. మర్నాడు సముద్రంలో తెలుస్తుంది. మోటార్ పక్క నుంచి సన్నగా నీటి ధార చిమ్ముతూ ఉంటుంది కదా, అదే పంపు పని చేస్తోందనడానికి సాక్ష్యం. ధార సన్నబడితే వెంటనే ఆపి చూడాలి. ప్లాస్టిక్ సంచి అడ్డం పడి ఉండొచ్చు, రెక్కలే పోయి ఉండొచ్చు. ఇన్ని గంటలు నడిచే మోటార్‌కు ఇంపెల్లర్ ఏడాదికి ఒకటి సరిపోదు. ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉండాలి.

గేర్ ఆయిల్ విషయంలో ఒక చిన్న పరీక్ష ఉంది, దీనికి మెకానిక్ అక్కర్లేదు. కింది స్క్రూ కాస్త వదులు చేసి రెండు చుక్కలు తీయండి. నూనె నూనెలా ఉంటే సరే. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్తున్నట్టు. నూటికి చాలాసార్లు దొంగ ఎక్కడుంటుందంటే ప్రొపెల్లర్ వెనక. తెగిపోయిన వల దారం, గాలం తీగ షాఫ్ట్‌కు చుట్టుకుని, వేడికి బిగుసుకుని, సీలును కోసేస్తుంది. వారానికోసారి ప్రొపెల్లర్ విప్పి ఆ దారం తీసేస్తే వందల్లో పోయేది, వదిలేస్తే గేర్లు అరిగి వేలల్లో పోతుంది. వలలతో బతికే వాళ్ల మోటార్‌కు ఈ జబ్బు తప్పదు, చూసుకోవాల్సిందే.

కింది భాగంలో బూడిద రంగులో ఒక లోహపు ముక్క బిగించి ఉంటుంది. జింక్ ఆనోడ్ అంటారు. ఉప్పునీళ్లు లోహాన్ని తినేటప్పుడు ముందు దాన్ని తినాలి, మోటార్‌ను కాదు. దాని ఉద్యోగమే అది. నిషేధంలో బోటుకు రంగు వేస్తూ వేస్తూ చాలామంది మోటార్‌కూ, దాంతో పాటు ఆ ముక్కకూ పెయింట్ కొట్టేస్తారు. పెయింట్ పడితే అది పని చేయదు, మోటార్ కేసింగే కరగడం మొదలవుతుంది. సగం అరిగాక మార్చేయాలి. అందం కోసం రంగు వేయాలనిపిస్తే దాన్ని మాత్రం వదిలేయండి.

కొనేవాళ్లు చూడాల్సినవి మరికొన్ని

హెచ్‌పీ ఎక్కువైతే మంచిదన్న భ్రమ ఒకటుంది. పడవ పొడవుకు తగ్గ వేగం ఒకటి ఉంటుంది. అది దాటి ఇంకాస్త ముందుకు నెట్టాలంటే ఇంధనం విపరీతంగా తాగుతుంది, వేగం మాత్రం పెద్దగా పెరగదు. బరువైన వల, ఐస్, నలుగురు మనుషులతో వెళ్లే తెప్పకు కావాల్సింది పరుగు కాదు, లాగే బలం. తక్కువ పిచ్ ఉన్న ప్రొపెల్లర్ వేస్తే అదే మోటార్ ఇంకా హాయిగా లాగుతుంది. తిరుగు ప్రయాణంలో థ్రాటిల్ కాస్త తగ్గిస్తే పావుగంట ఆలస్యమవుతుందేమో గానీ ఇంధనం మిగులు కళ్లకు కనిపిస్తుంది. చేప ధర పడిపోతుందన్న తొందర ఉంటే అది వేరే సంగతి.

షాఫ్ట్ పొడవు దగ్గర కూడా మోసపోతారు. పొట్టి షాఫ్ట్ 15 అంగుళాలు, పొడవుది 20 అంగుళాలు. మోటార్ బిగించే పలక ఎత్తు కొలవకుండా కొంటే ప్రొపెల్లర్ నీటి పైకి వచ్చి గాల్లో తిరుగుతుంది, లేదా మరీ లోతుకు దిగి పడవను వెనక్కి లాగుతుంది. ప్రొపెల్లర్ పైనుండే అడ్డ పలక పడవ అడుగుకు సమానంగానో, ఓ అంగుళం కిందగానో ఉండాలి. టేపు పట్టుకుని కొలిచి వెళ్లండి.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. పీఎం మత్స్య సంపద యోజన కింద లబ్ధిదారుల పథకాల్లో జనరల్ కేటగిరీకి యూనిట్ ధరలో 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సాయం. మిగతా వాటా చేతిలో ఉండదు. బ్యాంకు తిప్పుతుంది. చేపలు కొనే వ్యాపారి మాత్రం ఆ రోజే ఇస్తాడు, వడ్డీ మాట కూడా ఎత్తడు. బదులుగా పట్టిన చేప ఆయనకే ఇవ్వాలి, ఆయన చెప్పిన ధరకే. ఈ పద్ధతి తీరమంతా ఉన్నదే. మోటార్ రేటు ఎంతో బిల్లులో కనిపిస్తుంది. కిలోకు ఎంత తగ్గించి తీసుకున్నారో ఎక్కడా రాసి ఉండదు. అందుకే వ్యాపారి అడ్వాన్స్‌తో కొనే పెద్ద కొత్త మోటార్ కంటే, సొంత డబ్బుతో బాగు చేయించుకున్న పాత మోటార్ చాలా ఇళ్లకు మేలని నాకనిపిస్తుంది.

సెకండ్ హ్యాండ్ కొంటే పైన చెప్పిన గేర్ ఆయిల్ చుక్కలు, నీటి ధార చూడండి. చల్లారిన మోటార్‌నే స్టార్ట్ చేయించండి. అమ్మేవాడు ముందే వేడి చేసి పెడితే అనుమానించాల్సిందే. ఇంజిన్ నంబర్ కాగితాల్లో ఉన్నదీ, మోటార్ మీద ఉన్నదీ ఒకటేనా? రేపు బోటు రిజిస్ట్రేషన్‌కైనా, పరిహారానికైనా అదే అడుగుతారు.

61 రోజుల తర్వాత తాడు లాగితే..

నిషేధం మొదలైన రోజు మోటార్ ఎలా పెట్టారన్నది జూన్ 15న తేలుతుంది. ట్యాంకులో, కార్బ్యురేటర్‌లో పెట్రోల్ వదిలేసి ఉంటే ఈపాటికి అది జిగురుగా మారి సన్నని రంధ్రాలను మూసేసి ఉంటుంది. ఈ20 అయితే అడుగున నీళ్లు. అలాంటి మోటార్‌ను తాడుతో లాగి లాగి స్టార్ట్ చేయడం కంటే ముందు పాత ఇంధనం మొత్తం తీసేయాలి, కార్బ్యురేటర్ బౌల్ కింది స్క్రూ తిప్పి వదిలేయాలి, ప్లగ్ విప్పి తుడవాలి, రెండు చుక్కలు ఆయిల్ సిలిండర్‌లో వేసి ప్లగ్ లేకుండానే నాలుగుసార్లు మెల్లగా తాడు లాగాలి. తర్వాతే కొత్త పెట్రోల్. మొదటి రోజే దూరం వెళ్లకుండా ఒడ్డు కనిపించేంతలో ఓ గంట నడిపి చూసుకోవడం మంచిది. నిషేధం అయ్యాక మొదటి వేటలో చేప బాగా పడుతుంది, ఆ రోజు ఆగమంటే ఎవరూ ఆగరని తెలుసు. కనీసం ముందు రోజు సాయంత్రమైనా డ్రమ్ములో నడిపి చూడండి.

ఔట్‌బోర్డ్‌కు ఉన్న గొప్ప సౌకర్యం తుఫాను వేళ తెలుస్తుంది. రెండు బిగింపులు వదులు చేస్తే ఇద్దరు మనుషులు ఇంటికి మోసుకెళ్లిపోవచ్చు. 2025 అక్టోబర్‌లో మొంథా వచ్చినట్టు ముందే హెచ్చరిక ఉంటే పడవను కట్టేసి మోటార్‌ను కాపాడుకోవచ్చు. మోటార్ మునిగితే మాత్రం ఎండలో ఆరబెట్టొద్దు. గాలి తగలగానే లోపల తుప్పు మొదలవుతుంది. మంచినీళ్లతో కడిగి, ప్లగ్ విప్పి నీళ్లు బయటికి వచ్చేదాకా తాడు లాగి, సిలిండర్‌లో ఆయిల్ పోసి, అదే రోజు స్టార్ట్ చేయాలి. మెకానిక్ రావడానికి ఆలస్యమైతే అప్పటిదాకా మంచినీళ్ల డ్రమ్ములోనే ముంచి ఉంచడం మేలు. వినడానికి వింతగా ఉన్నా పద్ధతి అదే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు మోటార్ బోట్లు ఎంత అవసరమయ్యాయో చూశాం. మురికి నీళ్లలో, చెత్త మధ్య నడిచిన మోటార్‌కు కూడా ఈ కడుగుడు తప్పదు.

ప్రభుత్వం చేయాల్సింది పెద్ద పనేం కాదు

నడి సముద్రంలో మోటార్ ఆగితే కబురు పంపడానికి ఇప్పుడు ఒక దారి ఉంది. లక్ష పడవలకు 364 కోట్లతో శాటిలైట్ ట్రాన్స్‌పాండర్లు ఇచ్చే పథకాన్ని 2024 ఆగస్టు 30న ప్రధాని పాల్ఘర్‌లో ప్రారంభించారు. ఇస్రో టెక్నాలజీ, మత్స్యకారుడికి ఉచితం. ఆపదలో ఉన్నామని ఒడ్డుకు సందేశం వెళ్తుంది. మంచి పనే. కానీ సందేశం పంపే పరిస్థితి రాకుండా చూసే ఇరవై రూపాయల స్పార్క్ ప్లగ్ వాషర్, రబ్బరు ఇంపెల్లర్ గురించి ఏ పథకమూ మాట్లాడదు.

ఏటా ఏప్రిల్‌లో నిషేధం మొదలవగానే మత్స్యశాఖ సిబ్బంది, గ్రామ మత్స్య సహాయకులు ఒడ్డున ఒక్కో బోటు దగ్గరికీ వెళ్లి, దాని మీద ఎవరెవరు వేటకు వెళ్తారో రాసుకుంటారు. భృతి జాబితా తయారయ్యేది అలాగే. మనుషులు, బోట్లు, సిబ్బంది అందరూ ఒకే చోట ఉండే రోజులవి. ఆ ఫారంలోనే మోటార్ ఏ కంపెనీది, పెట్రోలా డీజిలా, ఎన్నేళ్లది అన్న మూడు గడులు పెడితే ఏ ఊళ్లో ఏ స్పేర్ పార్టులు కావాలో జిల్లాకు తెలుస్తుంది. అదే 61 రోజుల్లో ఊరూరా ఓ మెకానిక్‌ను తిప్పి సర్వీస్ క్యాంపు పెట్టొచ్చు. సబ్సిడీలో కొంత భాగాన్ని స్పేర్ పార్టుల కూపన్‌గా ఇవ్వొచ్చు. పెట్రోల్ మోటార్ వాళ్లను డీజిల్ సబ్సిడీ బయటే ఉంచాలా, లోపలికి తేవాలా అన్నది కూడా ఆ గడులు నిండాకే తేల్చగలరు. ఈసారి ఎన్యూమరేషన్ అయిపోయింది. వచ్చే ఏప్రిల్ ఫారం అచ్చుకు వెళ్లేలోపు ఇంకా పది నెలల టైముంది.